గాజులామె అమ్ముకోని ఉప్పు

అంబలి కేంద్రం ఉప్పును గాజులామె అమ్ముకున్నదని మా శాఖలో అందరికీ తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు శిక్షణ తరగతుల్లో ఈ సంగతి చెప్తుంటారు. ఊరివాళ్లను నమ్మి సరుకు అప్పజెప్తే ఏమవుతుందో చూడండి అని చెప్తారు. అందరూ తలలూపుతారు. ఆ తరగతుల్లో ముందు వరుసలో కూర్చుని నేనూ తల ఊపాను. ఒకసారైతే, "ఆ కేంద్రం నడిపింది వీరే" అని నన్ను చూపించి చప్పట్లు కూడా కొట్టించారు.

ఆమె ఉప్పు అమ్ముకోలేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. నేను చెప్పలేదు.

ఈ మాట ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పి వచ్చాను. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు ఆ పాత కథనే విని ఊళ్లకు పోతున్నారు, అందుకే మీకూ చెప్తున్నాను. కథ వరుసగా చెప్పగలనో లేదో నాకే అనుమానం. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరు ఎందుకు ఏం చేస్తున్నారో నాకు సగం కూడా అర్థం కాలేదు. మిగిలిన సగం అర్థం కానట్టు ఉండిపోయాను.

నిజాం పాలన పోయి కొత్త ప్రభుత్వం కుదురుకుంటున్న రోజులు. వానలు సరిగా పడలేదు. నేను సరఫరాల శాఖలో చిన్న ఉద్యోగిని, కరీంనగర్‌లో ఉర్దూలో చదువుకున్నవాణ్ని. గోదావరికి ఇవతలి ఒడ్డున, గాలి ఇటు తిరిగితే మంచిర్యాల రైలు కూత వినిపించే ఒక ఊళ్లో అంబలి కేంద్రం పెట్టమని నన్ను పంపించారు. జొన్నపిండి, ఉప్పు, అంబలి కాచడానికి నాలుగు పెద్ద డేగిసాలు, బంట్రోతు పనికి ఒక చప్రాసి. చప్రాసి వయసు మళ్లినవాడు, నాకంటే తెలివైనవాడు. జీతం నాకంటే తక్కువ గనుక నా మాట వినేవాడు.

ఆ ఊరు రెండు వాడలు. మీది వాడ వాళ్లు దొర గడిలో, ఆయన కోటలాంటి ఇంట్లో, పనిచేసి బతికినవాళ్లు. కింది వాడలో ఎక్కువమంది మగ్గం నేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. వాళ్లు సంఘంలో చేరి దొరకు ఎదురు తిరిగారు. దొర పట్నం పారిపోయాడు. కింది వాడ కుర్రాళ్లు కొందరు అడవి పట్టారు. మిగిలినవాళ్లు ఒకరి గడ్డివాములు ఒకరు తగలబెట్టుకుని, ఒకరి బావిలో ఒకరు చేద వేయకుండా, రెండు దిక్కులా ఆకలితో కూర్చున్నారు. పక్క ఊళ్లో పోలీసు క్యాంపు ఉంది. అడవిలో ఉన్నవాళ్లను పట్టుకోవడానికి వేసిన క్యాంపు అది. కింది వాడలో ఏ ఇంటి మీద అనుమానం వచ్చినా ఆ ఇంటి మగవాళ్లను జీపులో ఎక్కించుకుపోయేవాళ్లు.

అంగడి కొట్టంలో పొయ్యిలు పెట్టి అంబలి కాచాము. ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదని అడిగితే ఒకాయన అంబలి పలుచగా ఉందన్నాడు. చిక్కగా కాయించాను. ఇంకొకామె పిండికి పురుగు పట్టిందంది. జల్లెడ పట్టించాను. మరొకాయన, అమావాస్య ముందర కొత్త పొయ్యి మీది తిండి తినొద్దన్నాడు. అమావాస్య పోయేదాకా ఆగాను. అయినా ఎవరూ రాలేదు. ఆకలికి డొక్కలు అంటుకుపోయిన పిల్లలు కొట్టం బయట నిలబడి వాసన చూసేవాళ్లు. తల్లులు వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయేవాళ్లు. వండినదంతా కుడితి తొట్లలో పోయించాము.

"సాబ్, గీ ఊళ్లె బర్లు మనల్ని మస్తు యాది చేస్తయ్," అన్నాడు చప్రాసి.

అట్లాంటప్పుడు ఒక పొద్దున గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఒక ముసల్మాను ఆమె కొట్టంలోకి వచ్చింది. నడివయసు మనిషి. ఊరంతా ఆమెను బూబమ్మ అనే పిలిచేది. భర్త పోయాడు. నిజాం పాలన పోయిన గోలలో ఆమె చుట్టాలంతా పట్నం పోయినా ఆమె మాత్రం ఊరు విడవలేదు. రెండు వాడల్లోనూ ఏ వాకిట్లోనైనా మలారం దించగలిగిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

"సారు, అంబలిల ఉప్పేస్తున్నరా?" అంది.

"వేస్తున్నాం. సర్కారు బస్తా పంపించింది."

"గదే మరి. ఉప్పు లేకుంట వండుండ్రి."

"చప్పగా ఎవరు తాగుతారు?"

"గా ఫికర్ నాది. మీరైతే వండుండ్రి."

నాకు ఏమీ అర్థం కాలేదు. అప్పటికి అన్నీ చేసి చూశాను గనుక ఇదీ చేశాను. మరునాడు ఆడవాళ్లు వచ్చారు. మీది వాడ నుంచి కొందరు, కింది వాడ నుంచి కొందరు, ఎవరి దిక్కున వాళ్లు. అందరి కుడిచేతులూ పిడికిళ్లు బిగించి ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి, మధ్యలో పెట్టిన మట్టికుండలో ఆ పిడికిలి విప్పి పక్కకు జరిగారు. చేతబడేమో, అంబలిలో ఏం కలుపుతున్నారో అని చప్రాసి చెవిలో అన్నాను.

"మంత్రమే అయితే నా జీతం గూడ జర పెరగాలని ఒక పిడికిలి ఏయమనుండ్రి సాబ్," అన్నాడతను.

కుండలో ఉన్నది ఉప్పు. ఇంటింటి ఉప్పు. బూబమ్మ దాన్ని చేత్తో కలిపి డేగిసాల్లో వేసింది. ఆ రోజు అంబలి మిగల్లేదు.

తరువాత ఆమె నాకు విడమర్చి చెప్పింది. "సర్కారు ఉప్పు తింటె సర్కారు మనుషులైతరు సారు. అడివిల ఉన్నోళ్లు రేపొచ్చి, ఎవరి ఉప్పు తిన్నరని అడిగితె కింది వాడోళ్లు ఏం చెప్తరు? మీది వాడోళ్లు కింది వాడోళ్ల ఉప్పు తింటె, దొర మళ్లొచ్చిన్నాడు మొకం ఎట్ల చూపిస్తరు? అందుకే ఎవరి ఉప్పు వాళ్లు తెచ్చుకుంటరు. ఒక్క కుండల పడ్డంక ఏది ఎవరిదో ఎవరికెరుక? గది ఊరి ఉప్పు. ఊరి ఉప్పు తింటె ఎవలేమంటరు?"

మాటలు అర్థమయ్యాయి. అన్నం పెట్టేవాణ్ని నేనైతే, అది తినడానికి వాళ్లకు ఇంత లెక్కేమిటన్నది మాత్రం మింగుడుపడలేదు. పిండి సర్కారుదే కదా, దానికి లేని పట్టింపు ఉప్పుకెందుకని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసి, "పిండి భూమిల పండుతది సారు," అని ఊరుకుంది. దానికి అర్థమేమిటో ఇప్పటికీ నేను ఖాయంగా చెప్పలేను.

ఈ ఏర్పాటుకు రెండు వాడల్నీ ఎట్లా ఒప్పించావని ఇంకోరోజు అడిగాను. ఆమె అప్పుడు మీది వాడ పాలేరు పెండ్లాం చేతికి గాజులు వేస్తోంది. చేతిని పిండి పిసికి, బొటనవేలు లోపలికి మడిచి, ఎముకల మీదుగా గాజును మెల్లగా నెడుతోంది.

"గాజు ఎక్కేదాక చెయ్యి గుంజుకోరాదు సారు, పలుగుతది. గంతసేపు నా మాట ఇనాల్సిందే. ఎక్కడన్న కోపమొస్తె ఇంకింత చిన్న గాజు తీస్త."

పాలేరు పెండ్లాం కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వింది. "చూసినవా సారు, గిట్ల పట్టుకుని కింది వాడ కష్టాలన్ని నా చెవుల పోసింది. ఇంటవా, చెయ్యి ఇరగ్గొట్టుకుంటవా అన్నట్టు."

ఆ కొట్టంలో ఆ తరువాత జరిగినవి మీరు నమ్మరు. మొదట్లో రెండు వాడల ఆడవాళ్లు వీపులు తిప్పుకుని కూర్చునేవాళ్లు. తరువాత ఎత్తిపొడుచుకోవడం మొదలైంది. నేను గొడవనుకుని అడ్డం పోయేవాణ్ని. చప్రాసి నా అంగీ పట్టి వెనక్కి లాగేవాడు. ఒకరోజు పాలేరు పెండ్లాం, కింది వాడ నుంచి వచ్చే నేతపని ముసలవ్వను చూసి, "ఏందవ్వా, పిడికిలి గింత పెద్దగ పట్టినవ్, లోపల చీమకు పెట్టినంతనే ఉన్నది?" అంది.

"మీ దొర మాకు ఇడిశిపెట్టింది గంతనే బిడ్డా," అంది ముసలవ్వ.

చప్రాసి మళ్లీ నా అంగీ పట్టుకున్నాడు. అప్పుడు పాలేరు పెండ్లాం, "మాకు గా చీమంత గూడ ఇడువలే అవ్వా. మేం మా తల్లిగారింటికెళ్లి తెచ్చుకుంటున్నం," అంది. ముందు ముసలవ్వ నవ్వింది. తరువాత అందరూ నవ్వారు. నేను ఎందుకో తెలియకుండానే నవ్వాను. ఆ వారంలోనే మీది వాడ బావిలో కింది వాడ చేదలు పడ్డాయి.

నేను చేసింది ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. సర్కారు ఉప్పు బస్తా కొట్టం పక్క నా గదిలో మూల పడి ఉంది, గాలి తేమకు అడుగు నుంచి నీరు కారుతూ. ఈ ఊరివాళ్లు సర్కారు ఉప్పు తినం అంటున్నారని పైకి ఎట్లా చెప్పాలి? చెప్తే వాళ్లకు చెడో, నాకు చెడో తేలలేదు. అందుకని, అంతా ఉత్తర్వు ప్రకారమే నడుస్తున్నదని, ఉప్పు వేసే వండుతున్నామని చెప్తూ పోయాను. ఏమీ తేలనప్పుడు ఉత్తర్వు ప్రకారమే నడుస్తున్నదని చెప్పడం మన ఉద్యోగంలో మొదట పట్టుబడే విద్య. మీకు ఇప్పటికే పట్టుబడి ఉంటుంది.

ఒకనాడు మా పై అధికారి చెప్పాపెట్టకుండా వచ్చాడు. వెంట క్యాంపు నుంచి ఇద్దరు పోలీసులు. అంబలి అప్పుడే కాగింది, ఇంకా ఉప్పు పడలేదు. ఆడవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. ఆయన నేరుగా డేగిసా దగ్గరికి పోయి, గంటెతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పేది?"

ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఈ ఊరు సర్కారు ఉప్పు ముట్టదని పోలీసుల ముందర చెప్పినట్టు. అడవిలో ఉన్నవాళ్లకు జడిసో, వాళ్ల మీద ప్రేమతోనో అని అడుగుతారు. ఏది చెప్పినా సాయంత్రానికి కింది వాడకు జీపు వస్తుంది. బస్తా గదిలో ఉన్నదని చెప్తే, ఇన్నాళ్లూ వేస్తున్నామని ఎందుకన్నావని నన్ను అడుగుతారు. ఇదంతా ఇప్పుడు చెప్పినంత వరుసగా అప్పుడు తోచలేదు. చెయ్యి దానంతటదే లేచి బూబమ్మ వైపు చూపించింది.

"ఉప్పు సంగతి ఆమె చూసుకుంటుంది సార్," అన్నాను.

నాకంటే ఆమె బాగా చెప్పగలదని అన్నానా, నా మీద నుంచి దించుకుందామని అన్నానా? నన్ను నేను చాలాసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ నాకు అనుకూలమైన జవాబే వచ్చింది గనుక ఆ జవాబును నమ్మడం మానేశాను.

ఈలోగా ఒక పోలీసు వరుసను చూస్తూ నిలబడిపోయాడు. "పిడికిళ్లల్ల ఏముందే? తెరువుండ్రి," అన్నాడు.

ఎవరూ కదలలేదు. అతను ముసలవ్వ చెయ్యి పట్టుకోబోయాడు. అప్పుడు బూబమ్మ మలారం కింద పెట్టి ముందుకు వచ్చింది.

"ఉప్పే సాబ్. ఇంట్లకెళ్లి తెచ్చుకున్న ఉప్పు. సర్కారు ఉప్పు నేనే అమ్ముకున్న. అంగట్ల అమ్ముకున్న. పాపం, చప్పగ తాగలేక ఇండ్లల్లకెళ్లి తెచ్చుకుంటున్నరు. వీళ్లకేం ఎరుక లేదు. గీ సారుకు గూడ ఎరుక లేదు."

ముసలవ్వ నోరు తెరవబోయింది. బూబమ్మ గిర్రున తిరిగి, "నా దిక్కు సూడకు అవ్వా, దొంగదాని మొకం ఏం సూస్తవ్?" అని కసిరింది. ముసలవ్వ తల దించుకుంది. నా గది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ చప్రాసి, వెనక్కి చెయ్యి పెట్టి తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. గదిలో బస్తా ఉంది. ఆ తలుపు మూసుకోవడం చూశాక నా నోరు కూడా మూసుకుంది.

ఆమెను తాలూకా జైలుకు తీసుకుపోయారు. కొన్నాళ్లు ఉంచుకుని వదిలేశారు. కేంద్రంలో అడుగు పెట్టవద్దన్నారు. పోయేముందు మా అధికారి నా భుజం తట్టి, "నువ్వు మంచివాడివి, అందుకే మోసపోయావు," అన్నాడు. ఆ మాట నా ఉద్యోగంలో చాలా దూరం నాతో వచ్చింది.

పొద్దు వాలకముందే నేనూ చప్రాసీ ఆ బస్తా మోసుకుపోయి వాగులో పోశాము. సగం నీళ్లలో, తొందరలో సగం ఒడ్డు మీద పడింది. "మీరు నోరు తెరిస్తె మంచిగుండెనో, తెరువకుంటె మంచిగయిందో నాకు గూడ సమజ్ గాలే సాబ్," అన్నాడు చప్రాసి తిరిగొచ్చేటప్పుడు. అతను నా మీద కోపంగా ఉన్నాడో, నన్ను కాపాడానని అనుకుంటున్నాడో నాకు తెలియలేదు. అతనిప్పుడు లేడు, అడగడానికి.

మరునాటి నుంచి కొత్త బస్తా, సర్కారు ఉప్పు, ఉత్తర్వు ప్రకారం. కింది వాడ నుంచి ఒక్కరూ రాలేదు. మీది వాడ వాళ్లు పిల్లల ఏడుపు పడలేక వచ్చారు. వచ్చినందుకు, సర్కారు ఉప్పు తిన్నారు పొమ్మని కింది వాడ వాళ్లు ఎద్దేవా చేశారు. బావి దగ్గర చేదలు తెగాయి, పాలేరు తల పగిలింది. కొన్నాళ్లకే కేంద్రం ఎత్తేశారు. ఊరివాళ్ల సహకారం లేకపోవడమే కారణమన్నారు. నాకు బదిలీ అయింది.

బూబమ్మకు ఏమైందో తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు. ఇళ్లలోకి పోయి గాజులు వేసే మనిషికి దొంగ అన్న పేరు వస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆమెకు ఉన్న ఆస్తి నలుగురి వాకిళ్లే.

ఏళ్లు గడిచాయి. రాష్ట్రం పేరు మారింది, మా శాఖ పేరు మారింది. ఉద్యోగం చివర్లో మంచిర్యాలలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి, వరండాలో నా భార్య చెయ్యి పట్టుకుని ఒక ముసలామె గాజులు ఎక్కిస్తోంది. చెయ్యి పిసికే తీరు చూడగానే, గుమ్మంలోనే, ఆమె బూబమ్మని తెలిసిపోయింది.

ఆమె తల ఎత్తలేదు. "సారు బక్కగయిండు," అంది.

నా భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను అక్కడే, చెప్పులు కూడా విడవకుండా, తప్పయిందని, ఆ రోజు నిజం చెప్పాల్సి ఉండెనని, నీకు అన్యాయం చేశానని ఏదేదో అన్నాను. ఆమె గాజు పూర్తిగా ఎక్కించి, అప్పుడు అంది.

"నాకెందుకు చెప్తున్నవ్ సారు? నేను అమ్ముకోలేదని నాకెరుకే. ఎరుక లేనోళ్లకు చెప్పు పో."

వాకిళ్లు మూసుకుపోయి ఊరు విడిచి ఎన్నో ఏళ్లయిందట. శ్రీరాంపూర్, మందమర్రి గని కాలనీల్లో తిరిగి అమ్ముకుంటున్నదట. తెలియని వాళ్ల వాకిట్లో మలారం దించడమే సుఖంగా ఉందంది. ఊరికి పోయి చెప్తాను, నువ్వూ రమ్మన్నాను. "నేను రాను. నన్ను సూస్తె మొకమాటానికి ఆ అంటరు. నువ్వొక్కనివే పో," అంది.

అంగడి రోజు చూసుకుని పోయాను. కొట్టం అట్లాగే ఉంది. నేతపని ముసలవ్వ కాలం చేసింది. పాలేరు పెండ్లాం ఉంది, తల నెరిసి, కోడళ్లతో కూరగాయలు అమ్ముతోంది. నేనెవరో చెప్పాను. బూబమ్మ ఉప్పు అమ్ముకోలేదని చెప్పడానికి వచ్చానన్నాను.

ఆమె పొట్లకాయలు సర్దుతూనే, "మాకెరుకే," అంది.

"ఎట్లా తెలిసింది?" అన్నాను.

"మరునాడు వాగొడ్డున పసులన్ని ఎగబడి ఇసుక నాకుతుంటె మాకు సమజ్ కాదా సారు? గా ఉప్పు ఏడికెళ్లి వచ్చిందో ఊరందరికెరుక."

"మరి ఆమెను ఇళ్లల్లోకి ఎందుకు రానియ్యలేదు?"

"ఆమెనే రానియ్యొద్దన్నది. జైలుకెళ్లి వచ్చిన్నాడే చెప్పిపాయె. నన్ను దొంగ కాదని మీరు మంచిగ చూస్తె, మరి ఉప్పేమాయెనని క్యాంపోళ్లు మళ్లొస్తరు, పిడికిళ్ల కత బయటపడతది, నా వాకిలి మూయుండ్రి అన్నది. మూసినం. ఏడ్చుకుంట మూసినం." ఆమె ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. "క్యాంపు పోయినంక తెరుద్దామనుకున్నం. గప్పటికి కొత్త కోడండ్లొచ్చిరి. పిల్లలు పెద్దగయిరి. వాళ్లకు ఆమె ఉప్పు దొంగనే. మేం కాదంటె, మరి గిన్నేండ్లు మీరే దొంగన్నరు కదా అంటరు. ఏమని చెప్పాలె? ఎవ్వలం నోరు తెరువలే. నీ లెక్కనే."

ఆమె నన్ను తిట్టిందో, తనను తాను తిట్టుకుందో తెలియలేదు. ఊరంతా నిజం తెలిసి అబద్ధాన్ని మోసింది. అబద్ధం చెప్పమన్నది ఆమే. ఇందులో నా తప్పు ఎంత అని లెక్క వేసుకోబోయి, అక్కడే ఆగిపోయాను. మళ్లీ ఆ తికమకలోకే జారిపోతున్నానని తెలిసింది.

"మీ కోడళ్లను పిలువమ్మా," అన్నాను. "నేను చెప్తాను. నా నోటి నుంచి వింటే, మీరు అబద్ధమాడినట్టు కాదు."

ఆమె పొట్లకాయలు పక్కన పెట్టింది. తరువాత తన కోడళ్లను పిలిచింది. వాళ్లను చూసి రెండు వాడల నుంచి అంగడికి వచ్చిన ఆడవాళ్లు, బేరాలు ఆపి, ఏమిటో అనుకుంటూ దగ్గరికి వచ్చారు. చాలామందికి నేనెవరో తెలియదు. ఎన్నికల మనిషినని కొందరు అనుకున్నట్టున్నారు.

నేను ఆఫీసు భాష వదిలి, చిన్నప్పుడు మా అవ్వ నేర్పిన మాటల్లోనే చెప్పాను. "గాజుల బూబమ్మ దొంగ కాదు. సర్కారు ఉప్పు ఆమె అమ్ముకోలే. బస్తా నా గదిల ఉండె. మీ అత్తలను పోలీసుల నుంచి కాపాడనీకె ఆమె గా మాట మీదేసుకున్నది. నన్ను గూడ కాపాడింది. నేను పక్కకే నిలబడి ఊకున్న."

ఒక చిన్న వయసు కోడలు, చంకలో బిడ్డను సర్దుకుంటూ, "గప్పుడే ఎందుకు చెప్పలే?" అని అడిగింది.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదని చెప్పబోయాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేశాను.

"భయమైంది బిడ్డా. నా నౌకరీ పోతదని భయమైంది. గంతే. తప్పు నాది. ఆమెను మాఫ్ చెయ్యమని అడుగుత లేను, ఆమె తప్పే చెయ్యలే. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."